తీసేసిన నాలుగు లైన్లు

శ్యామ్ సుందర్‌కి పొడుగు మాటంటే చిన్నప్పటి నుంచీ పడదు. పెంటపాడు పక్క ఊళ్లో వాళ్ల నాన్న సత్యవేదం బడిపంతులు. సాయంత్రం కుటుంబ ప్రార్థనకి కూర్చుంటే, ఊళ్లో మంచాన పడ్డవాళ్లనీ ప్రయాణాల్లో ఉన్నవాళ్లనీ పరీక్షలు రాసేవాళ్లనీ ఒక్కొక్కరినీ పేరు పెట్టి తలుచుకునేవాడు. పెద్ద మరియమ్మ మోకాళ్లు, చిన్న మరియమ్మ కళ్లు, రైల్వే గేటు దగ్గరి దానియేలు దగ్గు. మోకాళ్ల మీద ఉన్న కొడుక్కి కాళ్లు తిమ్మిరెక్కేవి. ఒకరోజు ఉండబట్టలేక అడిగేశాడు, అందరినీ చల్లగా చూడు అని ఒక్క మాట అంటే సరిపోదా, ఎవరెవరో దేవుడికి తెలీదా అని. సత్యవేదం కోప్పడలేదు. ఆయనకి తెలుసురా, నేను మర్చిపోకుండా ఉండడానికి, అన్నాడు. ఆ జవాబు శ్యామ్‌కి నచ్చలేదు. తర్వాత చాలా ఏళ్లు గుర్తుకు కూడా రాలేదు.

బీఎస్సీ అయ్యాక రెండేళ్లు ఖాళీగా ఉన్నాడు. తాడేపల్లిగూడెం బస్టాండులో ఇంజనీరింగ్ క్యాంపస్ వాళ్లు వీపున ల్యాప్‌టాప్ సంచులు వేసుకుని నవ్వుకుంటూ దిగుతుంటే చూసి లోపల రగిలిపోయేవాడు. వాళ్ల దగ్గరున్నదీ తన దగ్గర లేనిదీ ఏమిటో తేల్చుకోవాలని ఫోన్లో పాఠాలు చూసి, పాత పుస్తకాలు పోగేసి, ఒక్కడే పైథాన్‌లో ప్రోగ్రాములు రాయడం నేర్చుకున్నాడు. నేర్పినవాడు లేడు కాబట్టి మెచ్చుకునేవాడూ లేడు. పది లైన్ల పనిని ఒక లైనులోకి దించినప్పుడు మాత్రం తనకి తానే చప్పట్లు కొట్టుకున్నంత సంబరం కలిగేది. ఇరవయ్యారేళ్ల జీవితంలో అతనికి చేతనైన గొప్ప విద్య అదొక్కటే.

ఆ విద్యతోనే హేమంత్‌కుమార్ ఆఫీసులో ఉద్యోగం దొరికింది. మార్కెట్ యార్డు వెనక, పక్క మిల్లు ఊక దుమ్ము కిటికీల మీద పేరుకునే రెండు గదుల ఆఫీసు. కొల్లేటి అంచు ఊళ్లలో చేపల చెరువుల నీళ్లు పరీక్ష చేసి రైతుల్ని హెచ్చరించడం వాళ్ల పని. పగలంతా మబ్బు పట్టి ఉంటే, మర్నాడు తెల్లారకముందు చెరువు నీళ్లలో ఆక్సిజన్ పడిపోతుంది. చేప పైకొచ్చి నోరు తెరుస్తుంది. ఆక్సిజన్ అంకె మూడుకి దిగితే నీళ్లని చిలికే ఏరేటర్లు తిప్పాలి. రెండుకి దిగితే గంటలో పంట పోతుంది.

అంకెలు కొలిచేవాళ్లు ఊరికొకరు ఉన్నారు. వాళ్లలో సత్తిబాబు ఒకడు. యాభై దాటిన లంక ఊరి మనిషి. పాత మోపెడ్ మీద తెల్లవారుజామున నాలుగింటికల్లా బయల్దేరి గట్టు గట్టుకీ ఆగి, మీటరు నీళ్లలో ముంచి, ముందు బాల్‌పెన్‌తో అరచేతి మీద రాసుకుని ఆ తర్వాతే ఫోన్లోకి ఎక్కించేవాడు. ఫోన్లోంచి ఆఫీసు కంప్యూటరుకి అంకె వచ్చేది. మూడు కన్నా తక్కువున్న ప్రతి చెరువు మనిషికీ కంప్యూటరే ఫోను చేసేది. "మీ చెరువులో గాలి తగ్గిందండి, ఏరేటర్లు వేయండి" అనే రికార్డు గొంతు ఆఫీసులో పనిచేసే లక్ష్మీదుర్గది. గట్ల మీద దాన్ని దుర్గమ్మ ఫోను అనేవారు. అంకె ఎంతొచ్చినా సత్తిబాబు గట్టు మీద నోరు విప్పకూడదని హేమంత్‌కుమార్ రూలు పెట్టాడు. మనిషి చెప్తే ఒకరికి ముందు చెప్పాడనీ ఒకరికి వెనక చెప్పాడనీ తగువులొస్తాయట. కంప్యూటరుకి ఎవరి మీదా పక్షపాతం ఉండదు కదా అనేవాడు.

లక్ష్మీదుర్గ పదేళ్ల కిందట టైపింగ్ పనికి చేరింది. చెరువుల వివరాల ప్రోగ్రాం కూడా తనే కిందా మీదా పడి నేర్చుకుని రాసింది. అది పెద్ద వింత ప్రోగ్రామేమీ కాదు. ఒక్కో చెరువుకీ ఒక్కో కార్డు ఉన్నట్టు ఒక్కో డిక్షనరీ ఉంటుంది. దాంట్లో చెరువు నెంబరు, మనిషి పేరు, ఫోను, ఆక్సిజన్ అంకె ఉంటాయి. అలాంటివి రెండు వందల పన్నెండు ఒక లిస్టులో వరసగా ఉంటాయి. కొత్త అంకె రాగానే ఆ వరసంతా మొదట్నుంచీ చూసుకుంటూ వెళ్లి, సరైన కార్డు పట్టుకుని, పాత అంకె స్థానంలో కొత్తది రాయాలి. ఆ ఒక్క పనికి దుర్గ అరవై నాలుగు లైన్లు రాసింది. ఫలానా అయితే ఇలా, ఫలానా అయితే అలా. ఎవరైనా రైతు ఫోను రాలేదని గొడవ పెట్టిన ప్రతిసారీ రెండేసి లైన్లు చేర్చుకుంటూ పోయింది. ఆ లైన్ల వెనక పదేళ్ల తెల్లవారుజాములు ఉన్నాయని శ్యామ్‌కి తోచలేదు. అతనికి అవి పాత గదిలో పేరుకున్న సామానులా కనిపించాయి.

చేరిన మూడో నెలలో ఒక మధ్యాహ్నం, హేమంత్‌కుమార్ వెనక నిలబడి చూస్తుండగా ఆ అరవై నాలుగు లైన్లనీ రెండు చేశాడు. వచ్చిన అంకెలన్నిటినీ చెరువు నెంబరుని కీగా, అంటే వెతికే గుర్తుగా పెట్టి ఒక డిక్షనరీలో పోయడం ఒక లైను. లిస్టులో ఉన్న ప్రతి కార్డుకీ దాని నెంబరుకి తగ్గ అంకె అంటించడం ఇంకో లైను. పాత రోజు అంకెలతో నడిపి చూపించాడు. రెండు వందల పన్నెండు కార్డులు లోపలికి వెళ్లాయి, రెండు వందల పన్నెండు బయటికొచ్చాయి. అంతకన్నా చూడాల్సింది ఏముందనుకున్నాడు.

"ఇంతకాలం మనం నడిపింది ప్రోగ్రాం కాదు మేడం, ఓటర్ల జాబితా" అన్నాడు దుర్గ వైపు తిరిగి.

హేమంత్‌కుమార్ పగలబడి నవ్వాడు. మీటరు ఛార్జింగు పెట్టుకోవడానికి వచ్చిన సత్తిబాబు కూడా నవ్వాడు. దుర్గ కూడా నవ్వింది కానీ కుర్చీలోంచి లేచి వచ్చి స్క్రీను మీద కింద దాకా చూసింది.

"నవ్వుకోండి గానీ, ఆఖర్న ఉన్న నాలుగు లైన్లు మాత్రం ఉంచండి శ్యామ్ గారూ. గట్టు పడిన చెరువులున్నాయండి."

"గట్లు కొల్లేట్లో ఉంటాయి మేడం. కంప్యూటర్లో ఉండవు."

ఆ మాటకి హేమంత్‌కుమార్ మళ్లీ నవ్వాడు. దుర్గ ఏదో చెప్పబోయింది. ఇంతలో బల్ల మీద ఫోను మోగితే అటు వెళ్లింది. ఆవిడ తిరిగొచ్చేదాకా ఆగి, గట్టు పడడమంటే ఏమిటండీ అని శ్యామ్ ఒక్కమాట అడిగి ఉండొచ్చు. ఆ రోజుని అతను తర్వాత ఎన్నిసార్లు తలుచుకున్నా, ప్రతిసారీ అక్కడే ఆగిపోతాడు. ఆవిడ అవతలి బల్ల దగ్గర రెండు నిమిషాలు మాట్లాడింది. అతను ఆ రెండు నిమిషాల్లో పాత ఫైలు చెరిపేశాడు. ఆ నాలుగు లైన్లూ దాంతోపాటే పోయాయి.

వారం తిరక్కుండానే హేమంత్‌కుమార్ దుర్గని ఫోను బల్ల దగ్గరికి మార్చాడు. ఇక మీకు శ్రమ లేదు మేడం అన్నాడు, మేలు చేస్తున్నట్టు. ఆవిడ టిఫిన్ బాక్సూ చిన్న వెంకన్న పటమూ పట్టుకుని వెళ్లిపోయింది. కిటికీ పక్క కుర్చీ శ్యామ్‌ది అయింది. ఆ రాత్రి ఇంట్లో అన్నం తింటూ నాన్నకి చెప్పుకున్నాడు, అరవై నాలుగుని రెండు చేశానని. సత్యవేదం సంతోషించాడు. ఏం రెండో, ఏం అరవై నాలుగో అడగలేదు.

పన్నెండు రోజులు ఏమీ కాలేదు. పదమూడో రోజు మబ్బు ముసురుకుని సాయంత్రం దాకా వీడలేదు. మర్నాడు ఎనిమిదిన్నరకి గంగాధరరావు ఆఫీసుకొచ్చాడు. అరవయ్యేళ్ల రైతు, అరిచి మాట్లాడ్డం ఎరగనివాడు. భార్య చంద్రకళని ఏలూరు ఆసుపత్రిలో చేర్చి రెండ్రోజులుగా అక్కడే ఉన్నాడు. దుర్గమ్మ ఫోను వస్తే ఏరేటర్లు వేయమని కాపలా మనిషికి తన ఫోను ఇచ్చి వెళ్లాడు. ఫోను రాలేదు. తెల్లారేసరికి కిలోన్నర, రెండు కిలోల చేప తెల్లగా పొట్టలు పైకి తేల్చి చెరువంతా పరుచుకుంది. ఆ నెలాఖరున పట్టుబడి పట్టాల్సిన చేప.

"నా ముక్కలో పోయింది. పక్క ముక్కలో ఒక్క చేప కూడా పోలేదు హేమంత్ గారూ" అన్నాడు. అంతే అన్నాడు.

పక్క ముక్క అతని తమ్ముడు జయకృష్ణది. తండ్రి పోయాక అన్నదమ్ములు ఎనభై ఆరో నెంబరు చెరువుకి అడ్డంగా నడిమధ్య గట్టు వేసుకుని తూర్పు ముక్క అన్నా పడమటి ముక్క తమ్ముడూ పంచుకున్నారు. ఆ ఊళ్లలో అలా గట్టు వేసుకోవడం మామూలే. గట్టు పడినా నెంబరు మాత్రం మారదు. కరెంటు కనెక్షనూ కాగితాలూ తండ్రి పేరు మీదే ఉండిపోతాయి. మార్చాలంటే ఇద్దరూ ఒకే రోజు ఒకే ఆఫీసుకి వెళ్లి పక్కపక్కన సంతకాలు పెట్టాలి. వీళ్లిద్దరూ మాట్లాడుకోక ఏడేళ్లయింది. దుర్గ లిస్టులో అందుకే ఎనభై ఆరు నెంబరు కార్డులు రెండున్నాయి. ఆఖరి నాలుగు లైన్లు, ఆ కార్డు తూర్పుదా పడమటిదా చూసి ఎవరి అంకె వాళ్లకి రాసేవి.

హేమంత్‌కుమార్ స్క్రీను తిప్పి చూపించాడు. ఎనభై ఆరు తూర్పు, నాలుగు పాయింట్ ఆరు. ఎనభై ఆరు పడమర, నాలుగు పాయింట్ ఆరు. రెండూ ఒకే అంకె. అతను మొహం గంటు పెట్టుకున్నాడు. అప్పుడే మోపెడ్ ఆపి లోపలికొస్తున్న సత్తిబాబుని గుమ్మంలోనే నిలబెట్టాడు. తూర్పు ముక్కకి వెళ్లకుండా పడమటి అంకే రెండుసార్లు కొట్టేశావా అని అడిగాడు.

సత్తిబాబు ముందు నమ్మలేనట్టు చూశాడు. తర్వాత అరచెయ్యి చాపాడు. చెమటకీ నీళ్లకీ సిరా చెదిరిపోయి నీలం మరకలు మిగిలాయి. "ఒకటి పాయింట్ ఎనిమిదండి. రాసుకున్నానండి. మీటరు ముంచేనండి" అన్నాడు. అరచేతి మీద ఎవడైనా ఏదైనా రాసుకోవచ్చు అన్నాడు హేమంత్‌కుమార్. ముంచేనండి అన్నాడు సత్తిబాబు మళ్లీ. ఒకటి పాయింట్ ఎనిమిది వచ్చినప్పుడు కాపలా పాక దాకా పోయి చెబుదామని కాలు కదిపాననీ, రూలు గుర్తొచ్చి, పది నిమిషాల్లో దుర్గమ్మ ఫోను వస్తుంది కదా అని ముందుకెళ్లిపోయాననీ చెప్పాడు. ఆ మాట అనేటప్పుడు అతని గొంతు తడబడింది. వినేవాళ్లకి అది అబద్ధం తడబాటులా వినిపించింది.

గంగాధరరావు చాలాసేపు సత్తిబాబు మొహంలోకి చూశాడు. "మా తమ్ముడు ఇలా చెయ్యమన్నాడా సత్తిబాబూ?" అని మెల్లగా అడిగాడు.

ఆ మాట పడుతున్నప్పుడు శ్యామ్ కిటికీ పక్క కుర్చీలో కూర్చుని ఫోన్లోంచి వచ్చిన అసలు సందేశాల ఫోల్డరు తెరిచి చూస్తున్నాడు. నాలుగూ నలభై ఒకటికి, ఎనభై ఆరు, తూర్పు, ఒకటి పాయింట్ ఎనిమిది. నాలుగూ యాభై మూడుకి, ఎనభై ఆరు, పడమర, నాలుగు పాయింట్ ఆరు. అతను రాసిన మొదటి లైను నెంబరే చూస్తుంది, దిక్కు చూడదు. ఒకే కీ మీద రెండో అంకె వచ్చి మొదటిదాన్ని మింగేసింది. రెండో లైను ఆ మిగిలినదాన్నే తెచ్చి రెండు కార్డులకీ అంటించింది. అంతకుముందు రోజుల్లో రెండు ముక్కల్లో నీళ్లు ఒకేలా ఉన్నాయి కాబట్టి తేడా తెలియలేదు. కంప్యూటరు ఎక్కడా తప్పని చెప్పదు. కార్డులు రెండు వందల పన్నెండే ఉన్నాయి.

నోరు తెరిస్తే చాలు. తెరుద్దామనే అనుకున్నాడు. ఫోను బల్ల దగ్గర దుర్గ తల వంచుకుని కూర్చుంది, ఇటు చూడ్డం లేదు. ఓటర్ల జాబితా అన్న తన మాట అతని చెవుల్లోనే మోగింది. గంగాధరరావు గారు వెళ్లాక హేమంత్ గారికి విడిగా చెబుదాం అనుకున్నాడు. గంగాధరరావు వెళ్లేలోపే సత్తిబాబు మీటరుని తువ్వాలుతో తుడిచి, వైరు చుట్టి, బల్ల మీద పెట్టేసి మోపెడ్ ఎక్కేశాడు.

ఆ మధ్యాహ్నమే శ్యామ్ నాలుగు లైన్లూ మళ్లీ రాశాడు. అయిదు నిమిషాలు పట్టింది.

నాలుగో రోజుకి హేమంత్‌కుమార్‌కి చెప్పాడు. ఆయన తలుపు దగ్గరికి వేసి, కుర్చీ లాక్కుని, సన్నగా మాట్లాడాడు. సత్తిబాబు తప్పు చేస్తే మనిషి తప్పవుతుందయ్యా, మనిషిని మార్చామని చెప్పుకుంటాం, అదే ప్రోగ్రాం తప్పంటే రెండు వందల పన్నెండు మందీ రేపే మానేస్తారు అన్నాడు. "సరిచేసేశావు కదా. వదిలేయ్ శ్యామ్." శ్యామ్ వదిలేశాడు. తప్పు తన నెత్తిమీంచి కొంత ఆయన నెత్తిమీదికి పోయినట్టు తేలిగ్గా కూడా అనిపించింది. అలా అనిపించినందుకే తర్వాత ఎక్కువ సిగ్గుపడ్డాడు.

పదకొండో రోజున దుర్గ అతని బల్ల దగ్గరికొచ్చింది. చేతిలో ఆ పొద్దుటి ఫోన్ల కాగితం ఉంది.

"ఎనభై ఆరుకి మళ్లీ రెండు అంకెలు వస్తున్నాయండి" అంది. "సత్తిబాబు గారికి చెప్పారా?"

లేదని తల ఊపాడు. ఆవిడ ఓటర్ల జాబితా ఊసెత్తలేదు. ఎత్తుంటే బావుండునని అతనికి అనిపించింది. "ఆయన్ని ఎవరూ మీటరు పనికి పిలవట్లేదటండి. మాటకి నిలబడే మనిషి కాదనేశారట" అని చెప్పి కాగితం మడుచుకుంటూ వెళ్లిపోయింది.

మర్నాడు సెలవు పెట్టి గుండుగొలను దాకా బస్సులోనూ, అక్కణ్నుంచి ఆటోలోనూ వెళ్లాడు. తను రాసిన ప్రోగ్రామూ, చేప పోయిన పొద్దుటి సందేశాలూ కాగితాల మీద ప్రింటు తీసుకున్నాడు. ముందు గంగాధరరావుకి చెప్పేస్తే సత్తిబాబు మీద మచ్చ పోతుందని దారంతా లెక్క కట్టుకున్నాడు. ఆ లెక్క కూడా పొట్టిదే.

గంగాధరరావు నడిమి గట్టు మీద ఉన్నాడు. నలుగురు కూలీలు మట్టి తట్టలు మోసుకొచ్చి గట్టు ఎత్తు పెంచుతున్నారు. అవతలి ముక్కలో గుర్రపుడెక్క లాగుతూ, నడుములోతు నీళ్లలో తువ్వాలు తలకి చుట్టుకున్న ఒక మనిషి కనిపించాడు. సత్తిబాబు. పన్నెండు రోజులుగా ఎవరూ పని ఇవ్వని మనిషికి జయకృష్ణ ఒక్కడే పని ఇచ్చాడు.

శ్యామ్ కాగితాలు విప్పి ఎండలో పట్టుకుని చెప్పాడు. తప్పు నాదండి, సత్తిబాబుగారు మీటరు ముంచారండి, అంకె పంపారండి, నేనే పోగొట్టానండి. గంగాధరరావు అడ్డు చెప్పకుండా విన్నాడు. చివరిదాకా విని గట్టు అవతలికి ఒకసారి చూశాడు.

"అతను ఎవరి చెరువులో దిగాడో కనబడుతోందా బాబూ?"

"ఎవరూ పని ఇవ్వలేదండి, అందుకని..."

"నిన్ను పంపింది మా జయకృష్ణేనా?"

కాదండి అన్నాడు శ్యామ్. కాగితం మీద నాలుగూ నలభై ఒకటి చూపించాడు. మీ ఆఫీసు కాగితమే కదా, మొన్న మీ ఆఫీసు స్క్రీను మీదే నాలుగు పాయింట్ ఆరని చూపించారు కదా అన్నాడు గంగాధరరావు. ఆ రోజు ఆ గదిలో నువ్వూ ఉన్నావు, అప్పుడు నీ నోటికేమైంది అని అడిగాడు. గొంతు హెచ్చలేదు. తర్వాత కూలీల వైపు తిరిగి, ఇంకో రెండు తట్టలు ఇటు పోయండి అన్నాడు.

శ్యామ్ చుట్టూ తిరిగి పడమటి గట్టు మీదికి వెళ్లాడు. సత్తిబాబు నీళ్లలోంచి రాలేదు. గుర్రపుడెక్క మోపు ఒకటి ఒడ్డున పడేసి, అక్కడే నిలబడి విన్నాడు. నాలుగు లైన్లు, ఒకే నెంబరు, పైన పడిన అంకె. అతనికెంత అర్థమైందో తెలియదు. అంతా అయ్యాక ఒక్కటే అడిగాడు.

"ఒకటి పాయింట్ ఎనిమిది ఉందాండి, మీ దాంట్లో?"

"ఉందండి. నాలుగూ నలభై ఒకటికి వచ్చిందండి."

సత్తిబాబు తడి చేతులు తువ్వాలుకి తుడుచుకున్నాడు. అరచేతి వైపు చూసుకున్నాడు. దాంట్లో ఇప్పుడు పాచి తప్ప ఏమీ లేదు. హేమంత్ గారిని మళ్లీ పన్లోకి తీసుకోమని అడుగుతానండి అని శ్యామ్ అనబోతే చెయ్యి అడ్డం ఊపాడు. గట్టు మీదికొచ్చి చొక్కా మడతల్లోంచి ఫోను తీసి, ఒక నెంబరు నొక్కి అతని చేతికిచ్చాడు.

"మా ఆవిడండి. నేను నిద్ర ఆపుకోలేక ఇంకో గట్టుకి వెళ్లకుండా వచ్చేసుంటానని దానిక్కూడా అనుమానమేనండి. అనదు గానీ. ఒక్కసారి మీరు చెప్పండి."

అటు మోగుతోంది. సత్తిబాబు మళ్లీ నీళ్లలోకి దిగిపోయాడు, వినబడేంత దూరంలోనే. అవతల ఒక ఆడమనిషి గొంతు, ఎవరండీ అంది. శ్యామ్ తన పేరూ ఊరూ ఆఫీసూ చెప్పాడు. తర్వాత దుర్గ గారి అరవై నాలుగు లైన్ల దగ్గర్నుంచి మొదలుపెట్టాడు. దేన్నీ కుదించలేదు. నవ్విందీ చెప్పాడు, చెరిపిందీ చెప్పాడు, ఆ పొద్దున సందేశం చూసి కూడా కుర్చీలోంచి లేవకపోవడమూ చెప్పాడు. ఎండ మాడు మీదికొచ్చింది. గట్టు అవతల మట్టి తట్టలు దభీమని పడుతున్నాయి. ఆవిడ మధ్యలో ఊ కొట్టడం కూడా లేదు. ఫోను తెగిపోయిందేమోనని అతను రెండుసార్లు చూసుకున్నాడు.

అంతా అయ్యాక ఆవిడ అంది. "అది ఆ రోజే చెప్పలేకపోయారాండి?"

"చెప్పగలిగేవాణ్నేనండి. చెప్పలేదండి" అన్నాడు శ్యామ్, ఫోను చెవికి ఆనించుకునే.